మిద్దె తోట సైటుకు సభ్యత్వ రుసుము ఎంత పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రిలో మా డాబా మీద పెంచిన మొక్కల గురించి రాయడంతో మొదలైన సైటు మాది. ఇప్పుడు డబ్బు కట్టి చేరిన సభ్యులు రెండొందల దాకా ఉన్నారు. పాత నాణేలు, చేనేత, పద్యాలు, నాటు ఆవులు, ఇలా తమకు ప్రాణమైన విషయం మీద సైటు నడుపుతున్న వాళ్లు తరచూ ఫోన్ చేసి ధర సంగతి అడుగుతుంటారు. వాళ్లు అడిగినవీ, నేను చెప్పినవీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. లెక్కలన్నీ మిద్దె తోటవే. మీ విషయానికి తగ్గట్టు మార్చుకోండి.

అసలు డబ్బు తీసుకోవడం అవసరమా? ఉచితంగా నడిపితే పోలేదా?

రాసి పెట్టి ఊరుకునే సైటయితే ఉచితంగా నడపొచ్చు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పే బాధ్యత నెత్తిన వేసుకున్నారంటే మాత్రం ఉచితం ఎక్కువ కాలం సాగదు. మొదటి రెండేళ్లు నేను డబ్బు తీసుకోలేదు. వానాకాలం వచ్చేసరికి రోజుకు ముప్పై, నలభై ఫోటోలు వచ్చేవి. కొందరికి జవాబు చెప్పేదాన్ని, కొందరికి చెప్పలేకపోయేదాన్ని. జవాబు రాని వాళ్లు చిన్నబుచ్చుకునే వాళ్లు, నాకేమో రాత్రిళ్లు టెన్షన్. రుసుము పెట్టాకే అడిగిన ప్రతి ఒక్కరికీ రెండు రోజుల్లో జవాబు ఇవ్వగలుగుతున్నాను.

ధర లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది పక్క సైటు ఎంత తీసుకుంటోందో చూసి మొదలుపెడతారు. ఆ సైటు వాళ్ల ఖర్చేంటో, వాళ్లు ఏం మాట ఇచ్చారో మనకు తెలీదు కదా. ఇంకొందరు "మన దగ్గర ఇన్ని వ్యాసాలున్నాయి, ఇన్ని వీడియోలున్నాయి" అని లెక్కేస్తారు. సభ్యులు వాటి కోసం కట్టరు. యూట్యూబులో వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. రైతుల సందేహాలు తీర్చే ప్రభుత్వ కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి పనిచేస్తోంది. 1800-180-1551కి చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే చెబుతారు. మరి మనకెందుకు కడతారు? తమ కుండీని, తమ ఆకును ఒక మనిషి ఓపిగ్గా చూసి చెబుతారని కడతారు. అందుకే ఒక్క సభ్యుడికి మీ టైమ్ ఎంత పడుతుందో అక్కడ మొదలుపెట్టండి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకావిడ బెండ ఆకు ఫోటో పంపి "ఆకు పసుపైపోయిందండీ, ఏం వేయాలి?" అని అడిగారు. ఫోటో పెద్దది చేసి చూశాను. ఈనెలు పసుపుగా ఉన్నాయా, ఈనెల మధ్య భాగం పసుపుగా ఉందా అన్నది ఆ ఫోటోలో తేలలేదు. ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పాలిపోతే పోషకాల లోపం అనుకోవచ్చు. ఈనెలే పసుపు వల అల్లినట్టు కనిపిస్తే పల్లాకు తెగులు, అంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ జబ్బు. "వెలుతురులో ఇంకో ఫోటో తీయండమ్మా, ఆకు తిప్పి అడుగువైపు కూడా తీయండి" అన్నాను. గంట తర్వాత ఫోటో వచ్చింది. అడుగున తెల్లదోమ కనబడుతోంది, ఈనెలన్నీ పసుపే. ఆ తెగులుకు మందు లేదు. ఆ మొక్క పీకేయమని, పక్క మొక్కలకు వేప నూనె కొట్టి పసుపు రంగు జిగురు అట్టలు కట్టమని చెప్పాలి. పూతకు వచ్చిన మొక్కను పీకమంటే ఎవరికైనా మనసు ఒప్పుకోదు. అందుకని ఎందుకు పీకాలో ఇంకోసారి నచ్చజెప్పాను. అన్నీ కలిపి ఇరవై నిమిషాలు పట్టింది.

మీ విషయంలో ఈ ఇరవై నిమిషాలు ఏవో గడియారం పెట్టుకుని వారం రోజులు రాసుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా ధర పెట్టొద్దు.

ఆ లెక్క ఒకసారి చేసి చూపిస్తారా?

రెండు వందల మంది సభ్యులు అనుకుందాం. ఒక్కొక్కరు ఏడాదిలో ఆరు ప్రశ్నలు అడుగుతారు. మొత్తం 1,200 ప్రశ్నలు, ఒక్కోదానికి 20 నిమిషాలు, అంటే 400 గంటలు. కొత్తగా రాయడానికి వారానికి 4 గంటలు వేస్తే ఏడాదికి 208 గంటలు. మీ గంటకు 200 రూపాయలు వేసుకోండి. మొహమాటపడి ఈ కాలమ్ ఖాళీగా వదిలేయకండి. 608 గంటలకు 1,21,600 రూపాయలు అవుతుంది. నెలకు రెండు ఆదివారాలు వ్యవసాయం చదివిన ఒకరిని సభ్యుల జూమ్ మీటింగులో కూర్చోబెడితే, రోజుకు 2,000 చొప్పున 48,000. డొమైన్, హోస్టింగ్, ఫోటోల స్టోరేజీ కలిపి 12,000. మొత్తం 1,81,600. రెండొందల మందికి పంచితే తలా 908 రూపాయలు.

ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పే. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే సుమారు 2 శాతం తీసుకుంటుంది, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. అంటే 2.36 శాతం పోతుంది. చేతికి 908 రావాలంటే ధర 930 ఉండాలి. అంతకన్నా తక్కువ పెడితే తేడా మీ నిద్రలోంచో, మీ ఇంటి ఖర్చులోంచో పోతుంది.

మరి మీరు ఏడాది రుసుము 1,116 రూపాయలు ఎందుకు పెట్టారు?

999 పెట్టమని చాలామంది చెప్పారు. కానీ మా సభ్యుల్లో సగానికి పైగా యాభై దాటిన వాళ్లు. పెళ్లిలో చదివింపులైనా, గురువుగారికి దక్షిణైనా మనకు నూటపదహార్లు, ఐదొందల పదహార్లు, వెయ్యి నూటపదహార్లు అలవాటు. 999 చూస్తే షాపులో కొంటున్నట్టు ఉంటుంది. 1,116 అంటే ఒక మంచి పనికి ఇస్తున్నామన్న భావన వస్తుంది, నాకూ ఆ డబ్బు అలాగే తీసుకోవాలనిపిస్తుంది.

లెక్క కూడా కుదిరింది. గేట్‌వే ఫీజు పోగా 1,089 చిల్లర చేతికి వస్తుంది. 908 ఖర్చు తీసేస్తే మనిషికి 181 మిగులుతుంది, రెండొందల మందికి 36,000 పైమాటే. రెన్యువల్ చేయకుండా ఆగిపోయే వాళ్ల లోటు, కట్టలేని వాళ్లకు ఇచ్చే సీట్లు ఆ డబ్బులోంచే వెళ్తాయి.

ఏది ఉచితంగా ఉంచాలి, ఏది సభ్యులకు మాత్రమే?

నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది. జీవామృతం అనే ద్రవ ఎరువు కొలతలే తీసుకోండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ ఊరూరా తిరిగి అందరికీ చెప్పిన పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ గ్రామాల్లో ప్రకృతి సేద్యం నేర్పిస్తోంది. రైతులు ఉచితంగా ఇచ్చిన జ్ఞానానికి తాళం వేసి మనం డబ్బులు వసూలు చేయకూడదు. అలాంటివన్నీ మా సైటులో అందరికీ తెరిచే ఉంటాయి. నేను చేసింది ఆ 200 లీటర్ల లెక్కను డాబా మీద 10 లీటర్ల బకెట్టుకు కుదించి చెప్పడం ఒక్కటే, అదీ ఉచితమే.

ఏ ఊళ్లో పిండినల్లి పురుగు ఎక్కువగా ఉందన్న హెచ్చరిక కూడా ఉచితం. మీ ఫోటో చూసి మీకు చెప్పడం, ఆదివారం జూమ్‌లో కూర్చోవడం, మీ డాబాకు ఎండ ఎటు పడుతుందో చూసి ఏ కుండీ ఎక్కడ పెట్టాలో గీసి ఇవ్వడం సభ్యులకే. మీ సైటులోనూ అందరిదైన జ్ఞానం ఒకవైపు, మీ శ్రమ ఒకవైపు పెట్టుకుని చూడండి, గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది.

నెలవారీ తీసుకోవాలా, ఏడాదికి ఒకసారా?

మీ విషయం ఏ కాలంలో నడుస్తుందో దాన్నిబట్టి. నెలకు 99 పెట్టి చూశాను. జూన్‌లో చేరేవారు, ఏప్రిల్‌లో ఎండలకు మొక్కలు వాడగానే మానేసేవారు. నిజానికి మేలోనే మట్టి ఎండబెట్టుకోవాలి, కంపోస్టు సిద్ధం చేసుకోవాలి, విత్తనాలు చూసుకోవాలి. ఆ నెలలో మానేసిన వాళ్లు జూన్‌లో మళ్లీ మొదటికొచ్చేవారు. అందుకే నెలవారీ తీసేసి ఏడాది సభ్యత్వం పెట్టాను. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది కాబట్టి ఎక్కువమంది అప్పుడే చేరతారు.

ఒకేసారి అంత కట్టడం కష్టమన్న వాళ్లకు నాలుగు నెలల సభ్యత్వం ఉంది. వానాకాలం, చలికాలం, ఎండాకాలం, ఏది కావాలంటే అది. రుసుము 416. మూడూ కలిపితే 1,248, ఏడాదికి కట్టేదానికన్నా 132 ఎక్కువ.

చేరే ముందు ఉచితంగా చూసే అవకాశం ఎన్ని రోజులు ఇవ్వాలి?

అందరూ ఏడు రోజులు పెడతారని మీరూ పెట్టకండి. ఏడు రోజుల్లో మొలక రావచ్చు, కూర రాదు. తోటకూర కోతకు రావడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది కాబట్టి మేము 30 రోజులు ఇస్తాం. విత్తనం చల్లి, మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, మొదటి కట్ట పప్పులో వేసుకున్నాక మనిషి తనే నిర్ణయించుకుంటాడు. ఆ 30 రోజులకు కార్డు వివరాలు అడగం.

ఆటోపే పెట్టాలా?

యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది, సౌకర్యంగానే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు సమాచారం వెళ్లాలి, సభ్యుడు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. మా సభ్యులకు మాత్రం "డబ్బులు వాటంతటవే కట్ అవుతాయి" అనే మాటంటేనే భయం. సైబర్ మోసాల వార్తలు రోజూ చూస్తున్నారు కదా. అందుకని అడిగిన వాళ్లకే ఆటోపే పెడతాను. మిగతా వాళ్లకు గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు రోజు ఒకసారి మెసేజ్ పంపుతాను. నాలుగోసారి పంపను. దీనివల్ల మరచిపోయి ఆగిపోయేవాళ్లు కొందరుంటారు. మరచిపోయిన మనిషి దగ్గర డబ్బు తీసుకోవడం కన్నా ఆ నష్టమే నయం.

జీవిత సభ్యత్వం పెడితే ఒకేసారి డబ్బు వస్తుంది కదా?

వస్తుంది, ఒక్కసారే వస్తుంది. రుసుము పెట్టిన మొదటి ఏడాది నేను 2,116కి జీవిత సభ్యత్వం ఇచ్చాను. నలభై మంది తీసుకున్నారు, 84,640 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బుతో సైటు కొత్తగా చేయించాను, మంచి కెమెరా కొన్నాను. రెండేళ్లలో డబ్బు అయిపోయింది. ఆ నలభై మంది ప్రశ్నలు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి, రావాలి కూడా, మాట ఇచ్చాను కాబట్టి. పై లెక్క ప్రకారం వాళ్లకే ఏడాదికి 80 గంటలు. వెనకటికి చిన్న పత్రికలు జీవిత చందా పెట్టేవి. పత్రికకైతే ఇంకో కాపీ అచ్చేస్తే సరిపోయేది. మనిషి కూర్చుని జవాబు చెప్పే చోట అలా కుదరదు. ఉన్నవాళ్లకు అలాగే కొనసాగిస్తున్నాను, కొత్తగా ఎవరికీ ఇవ్వడం లేదు.

ఎన్ని రకాల ప్లాన్లు ఉండాలి?

రెండు చాలు. చదువుకునే వాళ్లకు 516, ప్రశ్నలు అడిగే వాళ్లకు 1,116. మూడోది పెట్టమని సలహా ఇస్తారు, మధ్యదాన్ని అమ్మడానికి పైన ఒక ఖరీదైనది పెట్టే పద్ధతి అది. ఎవరూ తీసుకోకూడదనుకునే ప్లాన్‌ను పేజీలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ చూస్తామంటే ఒకే సభ్యత్వం చాలు, డాబా ఒకటే కదా.

అమెరికాలో ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ డాలర్లు ఉన్నాయి కదా అని మాత్రం కాదు. న్యూజెర్సీలో గోంగూర పెంచే ఆవిడకు మా రాజమండ్రి క్యాలెండర్ పనికిరాదు. అక్కడ మార్చి, ఏప్రిల్‌లో ఇంట్లోపల నారు పోసి, మంచు భయం పోయాక బయట నాటాలి. చలి మొదలయ్యేలోపు కోసేసుకోవాలి. టెక్సస్ వాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. వాళ్ల టైముకు వేరే మీటింగ్ పెట్టాలి, మన దగ్గర అది తెల్లవారుజాము. విదేశీ కార్డులకు గేట్‌వే ఫీజు కూడా ఎక్కువే. ఇంత వేరే పని ఉంది కాబట్టి వేరే ధర. ఆ సంగతి పేజీలోనే రాశాం. సైటు ఏ దేశంలో తెరిచారో చూసి చెప్పకుండా ధర మార్చడం మాత్రం చేయొద్దు. అక్కచెల్లెళ్లు ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉంటారు. సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటే తెలిసిపోతుంది.

విదేశంలో ఉండి ఇక్కడ అమ్మానాన్నల డాబా కోసం కట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇక్కడి ధరే.

కట్టలేని వాళ్ల సంగతి?

ఏటా ఇరవై సీట్లు పక్కన పెడతాం. ఒక మెసేజ్ పెడితే చాలు, కాగితాలు అడగం, కారణం అడగం. ఒకసారి ఒక స్కూల్ టీచరమ్మ పిల్లలతో బడి పెరట్లో పాలకూర వేయిస్తున్నామని రాశారు. ఆ సీటు ఆ బడి పేరు మీదే ఉంది. "ఇలా అయితే అందరూ అదే అడుగుతారేమో" అని భయపడకండి. మా దగ్గర ఇరవై సీట్లూ నిండిన ఏడాది ఇంతవరకు లేదు.

ధర ఎలా పెంచాలి?

అరవై రోజుల ముందు చెప్పండి, ఎందుకో లెక్కతో సహా చెప్పండి. పాత సభ్యులకు ఒక ఏడాది పాత ధరకే ఇవ్వండి. మేము ప్రశ్నలు అడిగే వాళ్ల రుసుమును 516 నుంచి 1,116కి పెంచినప్పుడు ఖర్చుల పట్టికే పంపించాను. కొందరు మానేశారు. "ఇన్నాళ్లూ మీ చేతి డబ్బు పెట్టారా?" అని అడిగినవాళ్లే ఎక్కువ.

తగ్గించడం కూడా తప్పేం కాదు. నెట్‌ఫ్లిక్స్ అంతటిదే 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించింది. 499 ఉన్న బేసిక్ ప్లాన్ 199 అయింది. కాకపోతే వాళ్లు ఒక సినిమాను ఎంతమందికి చూపించినా పని పెరగదు. మనకు సభ్యుడు పెరిగితే పనీ పెరుగుతుంది. తగ్గించే ముందు ఆ ఇరవై నిమిషాల కాగితం మళ్లీ తీయండి.

"ఈ రోజే ఆఖరు" అని ఆఫర్లు పెట్టొచ్చా?

నిజంగా ఆఖరైతే పెట్టండి. రేపు కూడా అదే ధర ఉంటే అది అబద్ధం. చట్టం కూడా ఒప్పుకోదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇలాంటి 13 మోసపు పద్ధతులను జాబితా వేసి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, చేరడం తేలికగా, మానడం కష్టంగా చేయడం, చివర్లో కొత్త ఛార్జీలు కలపడం అన్నీ అందులో ఉన్నాయి. మా పేజీలో "చేరండి" బటన్ పక్కనే "మానుకోవాలంటే" అని ఉంటుంది.

జీఎస్టీ కట్టాలా?

సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మనలాంటి చిన్న సైటు ఆ దరిదాపుల్లోకి రావడానికి చాలా కాలం పడుతుంది. అయినా వచ్చిన ప్రతి రూపాయీ ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. విదేశీ సభ్యులుంటే మొదటి ఏడాదే ఒకసారి ఆడిటరు గారిని కలవండి.

చేరితే విత్తనాలు పంపుతామని ఆశపెట్టొచ్చా?

వద్దు. విత్తనాలు అమ్మాలంటే లైసెన్సు కావాలి, పైగా కవర్లు, పోస్టేజీ కలిపితే రుసుములో పెద్ద ముక్క దానికే పోతుంది. మా సభ్యులు నాటు విత్తనాలు వాళ్లలో వాళ్లు ఇచ్చిపుచ్చుకుంటారు, అందులో డబ్బు ప్రసక్తి లేదు.

సభ్యులు స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. ఏం చేయాలి?

వదిలేయండి. చూసినవాళ్లలో కొందరు మీ దగ్గరికే వస్తారు. వేరొకరి బెండ ఆకుకు చెప్పిన జవాబు తమ ఆకుకు సరిపోదని వాళ్లకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. సభ్యుల పేర్లు, ఇళ్ల ఫోటోలు బయటకు పోకూడదు, జవాబులు పెట్టేటప్పుడే అవి తీసేయండి.

మధ్యలో సైటు ఆపేయాల్సి వస్తే కట్టిన డబ్బు సంగతేంటి?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నేనే కలుపుతున్నాను. నాకు ఒకసారి ఆరోగ్యం బాగాలేక రెండు నెలలు జవాబులు ఆగిపోయాయి. డబ్బు వెనక్కి ఇవ్వాలంటే అప్పటికే ఖర్చయిపోయింది. ఇంట్లో అప్పు తీసుకుని ఇచ్చాను. అప్పటినుంచి సభ్యత్వ డబ్బుకు వేరే ఖాతా పెట్టాను. 1,116ని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 93. ప్రతి నెలా ఒకటో తారీఖున సభ్యుడికి 93 రూపాయల చొప్పున మాత్రమే ఆ ఖాతాలోంచి తీస్తాను. మిగిలింది ఇంకా చేయని పనికి ఇచ్చిన డబ్బు, అది వాళ్లదే. ఎవరైనా ఐదో నెలలో మానుకుంటామంటే మిగతా ఏడు నెలలకు 651 రూపాయలు ఆ సాయంత్రమే యూపీఐలో పంపించేస్తాను.